కడెం నీళ్లలో జానెడు కొసరు

కరీంనగర్ వైపు తెరచాప పడవల పందేనికి వెళ్తున్నానని చెబితే మా కాకినాడ చుట్టాలు ఫోన్‌లోనే పడీపడీ నవ్వారు. "అక్కడ సముద్రమెక్కడుందే?" అని మా పిన్ని అడిగింది. సముద్రం లేదు పిన్నీ, డ్యాములున్నాయి అన్నాను. "డ్యాములో పందెమేమిటే, నీ మొహం!" అని ఫోన్ పెట్టేసింది. నిజం చెప్పొద్దూ, నేనూ లోపల్లోపల అలాగే అనుకున్నాను. సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని, ఇరవై రెండేళ్లుగా చుక్కాని పట్టినదాన్ని, పడవ తిప్పడంలో నాకు వంక పెట్టినవాళ్లు ఇంతవరకు లేరు. పెట్టబోయినవాళ్లను నేను పూర్తిచేయనివ్వలేదు.

ముందు పడవ సంగతి చెప్పాలి. పేరు తుమ్మెద. నలభై ఏళ్ల ఫైబర్ పడవ, పొడవు ఇరవై రెండడుగులు. అడుగున కీల్ అని బరువైన ఇనుప రెక్క ఉంటుంది. గాలి కొట్టినా పడవ బోర్లా పడకుండా ఆపేది అదే. దీన్ని నేనూ మా మరిది శ్రీధరూ చెరిసగం వేసుకుని కొన్నాం. మా ఆయనకు నీళ్లంటే గ్లాసులో ఉన్నవే ఇష్టం.

ఇలాంటి ముసలి పడవలు ఏ రెండూ ఒకలా ఉండవు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకదానికి గుడ్డ ఎక్కువ, ఒకదానికి బరువెక్కువ. అందుకని ప్రతి పడవకూ కొలతలు తీసి రేటింగ్ ఇస్తారు. నెమ్మదిగా పోయే పడవకు కొంత సమయం మాఫీ. మా తుమ్మెదకు గంటకు ఆరు నిమిషాలు. గీత ముందు దాటినంత మాత్రాన గెలిచినట్టు కాదు, మాఫీలు తీసేశాక ఎవరి సమయం తక్కువో వాళ్లు గెలిచినట్టు. పడవకు ఏ మార్పు చేసినా కాగితం మీద రాసివ్వాలి, రాసివ్వగానే మాఫీలో కోత పడుతుంది. కాబట్టి ఈ ఆటలో ఉన్నవాళ్లంతా ఏడాది పొడుగునా పడవను సానబట్టి, పందెం రోజున "అబ్బే, ముట్టుకోనేలేదండీ" అని ఏడుపు మొహం పెడతారు. నేనూ పెట్టాను, పెట్టలేదనను.

ఈసారి మాత్రం ఏడుపు నిజమైనదే. శ్రీధర్‌కు మోకాళ్లు పోయాయి. పడవకు ఏటా ఏదో ఒక మరమ్మతు. హైవే మీద హోటలున్న ఒకాయన తుమ్మెదను కొంటానన్నాడు. గేటు ముందు సిమెంటు దిమ్మ మీద నిలబెట్టి, లోపల ఐస్‌క్రీం కౌంటరు పెడతాడట. ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. వదినా మరుదులం రెండు నెలలు మాటల్లేకుండా ఉండి, ఆఖరికి ఒక ఒప్పందానికి వచ్చాం. కడెం జలాశయంలో పాత పడవల పందెం ఉంది, ఏడు పడవలు. మొదటి మూడింట్లో వస్తే ఇక అమ్మకం మాట ఎత్తకూడదు. రాకపోతే నేను మారుమాట్లాడకుండా సంతకం పెట్టాలి. అమ్మకం కాగితం శ్రీధర్ వెంటే తెచ్చుకున్నాడు, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మరీ.

కరీంనగర్: గాలి లేకపోతే ఎట్ల?

కడెం వెళ్లేముందు మానేరు డ్యాములో ఒకసారి తిప్పి చూద్దామనుకున్నాం. పొద్దున ఆరింటికి కట్ట మీదికి వెళ్తే ఊరు ఊరంతా అక్కడే నడుస్తోంది. మా కాకినాడలో బీచికి వెళ్లేది కూర్చోడానికి, ఇక్కడ కట్ట మీదికి వచ్చేది చెమటలు పట్టించుకోడానికి. ట్రైలరు మీద పడవను చూసి అందరూ ఆగారు. మఫ్లరు చుట్టుకున్న ఒక పెద్దాయన చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి అడిగాడు.

"మోటర్ యాడుందమ్మా?"

"మోటారు లేదండీ. గాలికి పోతుంది."

"గాలి లేకుంటె?"

"ఆగిపోతుంది."

"మల్ల ఎప్పుడు వోతది?"

"గాలి వచ్చినప్పుడు."

ఆయన మఫ్లరు సర్దుకుని, "గట్లయితె బస్సే నయ్యం గదా" అని, నా మీద జాలిపడుతూ వెళ్లిపోయాడు.

గాలి లేకపోవడమేం, కావలసినంత వచ్చింది. డ్యాము కదా అని నేను చులకనగా తిప్పుతుంటే అవతలి ఒడ్డు నుంచి ఒక్క విసురు కొట్టింది. మా పాత తెరచాప పైనుంచి కిందిదాకా పర్రున చిరిగింది. శ్రీధర్ నోరెత్తలేదు. అతను నోరెత్తకపోతేనే నాకు ఒళ్లు మండుతుంది.

పుణెలో కుట్టేవాళ్లకు ఫోన్ చేస్తే మూడు వారాలన్నారు. పందెం నాలుగు రోజుల్లో ఉంది. బస్టాండు దగ్గర టిఫిన్ బండి ముందు చిరిగిన గుడ్డ ఒళ్లో పెట్టుకుని, బియ్యప్పిండిలో నువ్వులూ పల్లీలూ దండిగా వేసి కాల్చిన సర్వపిండి తింటూ కూర్చున్నాను. ముప్పై రూపాయలకు ఒకటి. దుఃఖంలో కూడా రెండు తిన్నాను. బండి ఆవిడ నా ఒళ్లోని గుడ్డను వేళ్లతో నలిపి చూసింది.

"గింత రంది వెట్టుకునుడు ఎందుకక్కా? సిరిసిల్లకు పోరాదు. ఆడ బట్ట గాక ఇంకేముంటది?"

సిరిసిల్ల: సాంచల చప్పుడు

మరమగ్గాలను సిరిసిల్లలో సాంచలంటారు. వీధి మొదట్లోనే ఆ చప్పుడు మొదలవుతుంది, ఊరు దాటేదాకా ఆగదు. అక్కడివాళ్లకు అది వినిపించదట. నేను మాత్రం రెండు రోజులు అరిచి మాట్లాడి, మూడో రోజు వేరే ఊళ్లో కూడా అరిచాను.

నలుగురినీ అడగ్గా రాజేశం ఇంటికి పంపారు. సాంచ నడిపేవాడు, మధ్యలో ఎనిమిదేళ్లు మస్కట్ వెళ్లి గుడారాలూ నీడ పందిళ్లూ కుట్టి, తిరిగొచ్చి మళ్లీ సాంచ పట్టినవాడు. భార్య లత ముందు గదిలో మిషన్ కుడుతుంది. ఆయన మా తెరచాపను వాకిట్లో పరిచి, చెప్పులు విడిచి దాని మీద మోకాళ్లతో నడిచాడు.

"గాలి యాడికెల్లి వస్తది మేడం? గుంజుడు యాడ ఎక్కువుంటది?"

ఇరవై రెండేళ్లలో తెరచాపలు కుట్టిన ఒక్కడూ నన్ను ఆ మాట అడగలేదు. బొమ్మ గీసి చూపించాను. ఆయన వేలితో చిరుగు పట్టుకుని, "గిదిగో, గుంజే దిక్కు అడ్డపోగు వెట్టిండ్రు. చినగక ఏమైతది? నిలువు పోగు రావాలె. మస్కట్‌ల గాలికి గిట్ల కుడితె టెంటు తెల్లారెవరకు సౌదిల ఉంటది" అన్నాడు.

ఇంతవరకు బాగానే ఉంది. తర్వాత నేను నా బుద్ధి చూపించుకున్నాను. బట్టా, దారం, ఇద్దరి రెండు రోజుల పనీ కలిపి ఆరు వేలన్నాడు. పుణెవాళ్లు చెప్పినదానిలో అది పదో వంతు కూడా కాదు. అయినా సరే, కాకినాడ మెయిన్ రోడ్డులో చీరల కొట్టు ముందు కూర్చున్నట్టు కాలు మడిచి కూర్చుని, నాలుగు వేలకు మొదలుపెట్టాను. బేరమాడకుండా ఇస్తే మా వైపు అమ్మినవాడే చిన్నబుచ్చుకుంటాడు. అరగంట బేరమాడాను. ఆయన ఒక్క రూపాయి తగ్గలేదు, గొంతూ పెంచలేదు.

"సాంచ మీద దినమంత నిలవడితె ఏమొస్తదో చెప్తె మీరు నవ్వుతరు మేడం. గందుకే తగ్గియ్యలేను. ఏమనుకోకుండ్రి."

సరేనని ఇచ్చాను, మూతి మాత్రం ముడుచుకున్నాను. నేను అలా మూతి ముడవడం అతని మనసులో పడింది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

రెండు రోజులు వాళ్లింట్లోనే కూర్చున్నాను. లత జొన్నరొట్టె చేసి పచ్చిపులుసు పోసింది. మేము రసం కాస్తాం, వీళ్లు కాచకుండానే పచ్చి ఉల్లిపాయలు పిసికి పోస్తారు, ఎండలో దాని ముందు మన రసం నిలబడదు. ఈ మాట మా పిన్నికి చెప్పకండి. రెండో రోజు మధ్యాహ్నానికి రాజేశం కొత్త తెరచాపను మడతపెట్టి, దాని మీద పసుపు బొట్టు పెట్టి ఇచ్చాడు. పాతదాన్నే కొలతగా ఇచ్చాం కదా అని నేను విప్పి చూడలేదు.

"పందెం యాడ మేడం? నేను కుట్టింది నీళ్ల మీద వోయేది ఎన్నడు జూడలే."

కడెం అని చెప్పాను.

కొండగట్టు: కోతి చేసిన ప్రయాణం

కొత్త బండి కొన్నవాళ్లు కొండగట్టు అంజన్న దగ్గర పూజ చేయించకుండా ముందుకు పోరు. వరసలో మా ముందు ఒక ట్రాక్టరు, వెనక రెండు మోటారుసైకిళ్లు, మధ్యలో తుమ్మెద. మా వైపు కూడా పడవ ముక్కుకు పసుపు కుంకుమలు పెడతారు, కాబట్టి నాకు వింత అనిపించలేదు. పూజ చేసే ఆయనకే వింత. నిమ్మకాయలు చేతిలో పట్టుకుని, "టైర్ల కింద వెట్టాలె. గిది నీళ్లల్ల నడిచేదైతె యాడ వెట్టాలె?" అని పెద్ద సందేహంలో పడ్డాడు. ఆఖరికి ట్రైలరు టైర్ల కింద పెట్టి, "నీళ్లదాకా అంజన్న చూస్తడు, అటెన్క మీరు జూస్కోండ్రి" అని తేల్చాడు. 

పూజకు తెచ్చిన అరటిపళ్ల గెల కోసం ఒక కోతి పడవెక్కింది. ఎంత అదిలించినా దిగలేదు. జగిత్యాల దారిలో రెండు కిలోమీటర్లు రాణిలా చుక్కాని దగ్గర కూర్చుని వచ్చి, ఒక జామతోట కనబడగానే దిగిపోయింది. "నీకన్నా బాగా తిప్పేట్టుంది వదినా" అన్నాడు శ్రీధర్. నాలుగు రోజుల్లో అతను వేసిన మొదటి జోకు. మెచ్చుకోవాలనిపించినా మెచ్చుకోలేదు.

రాయపట్నం వంతెన దగ్గర చాయ్ తాగాం, పది రూపాయలు. "మా గోదారి ఇక్కడ ఇంత సన్నగా ఉందేమిటి?" అన్నాను. చాయ్ పోసే ఆవిడ గ్లాసు చేతికిస్తూ, "మీ దగ్గరికొచ్చే గోదారి మా దగ్గరికెల్లే రావాలె గదా అమ్మా. మేం వోనిస్తెనే మీకు" అంది.

కడెం: కొలత

కడెం చుట్టూ కొండలు, కొండల మీద టేకు అడవి. వానలు బాగా పడిన ఏడు కావడంతో నీళ్లు నిండుగా ఉన్నాయి. గాలి మాత్రం ఒక దిక్కు నుంచి రాదు, ఏ లోయ లోంచి ఎప్పుడు కొడుతుందో దానికే తెలియదు. మా సముద్రపు గాలికి కాస్త మర్యాద ఉంటుంది. 

పడవలను నీళ్లలో దింపడానికి మందమర్రి నుంచి క్రేన్ తెప్పించారు. నడిపేది పోశం, బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయినవాడు. తుమ్మెదను పైకెత్తి, కింద వేలాడే కీల్ చూసి క్రేన్ ఆపేశాడు.

"గింత ఇనుము కిందికి గట్టుకొని తేలుడేంది మేడం? మేం బాయిలకెల్లి బరువు పైకి తీసేటోళ్లం, మీరు పైసలిచ్చి నీళ్లల్ల ముంచుతుండ్రు."

గాలివాటానికి పడిపోకుండా అని చెప్పాను. "అయితె ఇంట్ల కూసుంటె ఇంకా మంచిగుంటది" అన్నాడు, కానీ పసిపిల్లను తొట్లో పడుకోబెట్టినట్టు మెల్లగా దింపాడు.

కొలతలు చూసేది రహీం సార్, నిర్మల్‌లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. మార్పుల ఫారం చేతికిచ్చాడు. తెరచాప కొత్తదే కానీ కొలత పాతదే, కాబట్టి 'మార్పులు లేవు' అని రాయబోతూ, ఎందుకైనా మంచిదని పాతదీ కొత్తదీ గడ్డి మీద ఒకదాని మీద ఒకటి పరిచాం. కొత్తది వెనక అంచు పొడుగునా జానెడు ఎక్కువుంది.

మళ్లీ కొలిచాం. జానెడే. రేటింగు పట్టిక చూస్తే గంటకు అర నిమిషం కోత. పందెం రెండు గంటలు, అంటే ఒక నిమిషం పోతుంది. ఈ ఆటలో నిమిషమంటే తుమ్మెద ఐస్‌క్రీం బండి కావడానికి చాలు. ఫారంలో రాసిందే లెక్క, విప్పి ఎవరూ కొలవరు, రాయకపోతే ఎవరికీ తెలియదు అని ఒక్క క్షణం అనిపించింది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఒక్క క్షణం కన్నా ఎక్కువే అనిపించింది.

దారి చూపింది శ్రీధరే. పడవ అమ్మాలని చూస్తున్నవాడు, ఊరుకుంటే చాలు, పడవ అతని దారికి వస్తుంది. అయినా పెట్టెలోంచి కత్తెర తీశాడు.

"కత్తిరించేద్దాం వదినా. మడిచి కుడితే గంట పని. పందేనికి ఇంకా రెండు గంటలుంది."

కత్తెర అందుకున్నాను. అప్పుడే కట్ట మీదినుంచి "మేడం!" అని కేక. రాజేశం, లత. సిరిసిల్ల నుంచి మూడు బస్సులు మారి వచ్చారు. ఆ రోజు పని మానుకుని వచ్చారు. లత పట్టుచీర కట్టుకుంది, చేతిలో సకినాల డబ్బా. రాజేశం తిన్నగా గడ్డి మీద పరిచిన తెరచాప దగ్గరికి వచ్చి, పక్కన నిలబడ్డ పోశాన్ని పిలిచి మరీ అంచు చూపించాడు.

"జూసినవా అన్నా? జానెడు కొసరు. మేడం అడిగినట్టు ధర తగ్గియ్యలేకపోతి, మనసున పట్టలే. గందుకే బట్ట ఎక్కువేసిన. పైసల్ దీస్కోలే. గాలి జర ఎక్కువ వడ్తది, పడవ ఉరుకుతది."

కత్తెరను కొంగులో దాచుకున్నాను. నా బేరం నాకు ఇలా తిరిగొచ్చింది. తగ్గించలేకపోయినందుకు బాధపడి, అడగని గుడ్డ వేసి, దాన్ని చూసుకోడానికి పని మానుకుని వచ్చిన మనిషి ముందు ఆ గుడ్డను కోయడం నా వల్ల కాలేదు. శ్రీధర్ నా మొహం చూసి ఫారం నా ముందుకు జరిపాడు. ఫారం మీద 'తెరచాప జానెడు పెరిగింది' అని రాసి రహీం సార్‌కు ఇచ్చాను.

"మాఫీల కోత వడ్తది, తెల్సు గదా?" అన్నాడాయన.

"తెలుసు సార్."

కడెం: పందెం

నా జీవితంలో అంత బాగా పడవ తిప్పలేదు. ఇది గొప్ప చెప్పుకోవడమే, చెప్పుకుంటాను. మొదటి గంట ఐదో స్థానంలో ఉన్నాం. కొండ సందులోంచి వచ్చే విసురును అది తాకి నీళ్లు నల్లబడడం చూసి ముందే పట్టుకోవడం నెమ్మదిగా అలవాటైంది. రాజేశం తెరచాప ముడత పడకుండా నిండింది. ఆ జానెడు ఎంత వేగం తెచ్చిందో నాకు తెలియదు. అది చప్పుడు లేకుండా లాగుతుంటే మాత్రం నాకు ఏడుపొచ్చినంత సంతోషం కలిగింది.

చివరి మలుపు దగ్గర మా ముందు మూడు పడవలు. అందరూ మలుపు గుర్తుగా నీళ్లలో తేలే బుంగకు దూరంగా, భద్రంగా తిప్పుతున్నారు. నేను బుంగకు చెయ్యెడు దూరంలో దూరి తిప్పాను. శ్రీధర్ మోకాళ్లు మరచిపోయి తాడు లాగాడు. మలుపు లోపల్నుంచే రెండింటిని దాటేశాం. గీత దగ్గరికి రెండో పడవగా వచ్చాం. ఒడ్డు మీద పోశం క్రేన్ హారను ఆపకుండా మోగించాడు. రాజేశం రెండు చేతులూ పైకెత్తి గంతులేస్తున్నాడు, లత సకినాలు తెలియనివాళ్లకు కూడా పంచిపెడుతోంది. 

రహీం సార్ చెట్టు కింద కూర్చుని పెన్సిలుతో లెక్క కట్టాడు. రెండుసార్లు కట్టాడు. మాఫీలన్నీ తీసేశాక మేము నాలుగో స్థానం, మూడో పడవకు నలభై సెకన్ల వెనక. కోత ఒక నిమిషం. ఆ తీసివేత చేయడానికి లెక్కల మాస్టారు అక్కర్లేదు. నాకు వచ్చు, శ్రీధర్‌కూ వచ్చు.

రాజేశానికి అర్థం కాలేదు. 

"నాలుగెట్లయితది సార్? రెండో నంబర్ మనదే గదా, నా కండ్లతోని జూసిన!"

"నీళ్ల మీద రెండే భయ్యా. లెక్కల నాలుగు," అని రహీం సార్ కాగితం అతని వైపు తిప్పాడు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాడు, అడిగితే చెప్పకుండా ఉండలేడు. "ఎందుకంటె, జర ఇటు జూడు, గీ తెరచాపకు..."

"నా వల్లే సార్," అన్నాను గట్టిగా. అందరూ నా వైపు తిరిగారు. "చివరి మలుపు దగ్గర పడవ సరిగ్గా తిప్పలేకపోయాను. అక్కడే పోయింది మనకు."

రహీం సార్ కళ్లజోడు మీంచి నన్ను చూశాడు. మలుపు ఆయనా చూశాడు. పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని, "అవు. మలుపు దగ్గరనే వోయింది" అన్నాడు. శ్రీధర్ నీళ్ల వైపు తిరిగి నిలబడ్డాడు.

రాజేశం నా దగ్గరికి వచ్చాడు. నలుగురిలో నా పరువు పోకూడదని గొంతు తగ్గించాడు.

"ఫికర్ జేయకుండ్రి మేడం. కొత్తల అందరికి గట్లనే అయితది. నేను గూడ సాంచ మీద మొదలు ఎంత బట్ట ఖరాబ్ జేసిననో. తిప్పంగ తిప్పంగ మీకు గూడ వస్తది."

"సరే రాజేశం," అన్నాను. "నేర్చుకుంటాను."

లత మిగిలిన సకినాలు నా ఒళ్లో పోసింది. జగిత్యాల బస్సు వస్తే ఇద్దరూ ఎక్కారు. కిటికీ లోంచి చెయ్యి పెట్టి, చుక్కాని తిప్పినట్టు గాల్లో తిప్పి చూపిస్తూ, ఇట్ల, ఇట్ల అని రాజేశం నాకు నేర్పుతూనే వెళ్లాడు. 

బస్సు మలుపు తిరిగాక శ్రీధర్ ప్లాస్టిక్ కవరు పట్టుకుని వచ్చాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"వదినా, ఆ మలుపు నువ్వు తిప్పినట్టు..."

"పెన్నియ్యి," అన్నాను.

కారు బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేశాను.